ఆయన అనని మాట ఆయన నోట పెట్టొద్దు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

చిత్తూరు బస్టాండులో నువ్వు నా చేతిలో పెట్టిన నోటుబుక్కు బస్సు కదలగానే తెరిచాను. చంద్రగిరి కోట కనబడేసరికి సగం అయింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని మిగతా సగం చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తరఫున బాంబరు విమానాలు నడిపి, తర్వాత రోగుల సేవకి దిగిన లియొనార్డ్ చెషైర్ లాంటి మనిషి గురించి తెలుగులో పుస్తకం రాయాలని నీకు అనిపించడమే నాకు పెద్ద సంతోషం. అందుకే దాచుకోకుండా రాస్తున్నాను.

మొదటి అధ్యాయం కొట్టెయ్యి. విక్టోరియా క్రాస్, మూడుసార్లు డీఎస్‌వో, ఒక డీఎఫ్‌సీ అంటూ పతకాల పట్టికతో మొదలుపెట్టావు. మన పాఠకులకి ఆ పేర్లతో పని జరగదు. విక్టోరియా క్రాస్ అంటే యుద్ధంలో సాహసానికి బ్రిటన్ ఇచ్చే అతిపెద్ద పతకం, మామూలుగా ఏదో ఒక్క ఘట్టంలో చూపిన తెగువకి ఇస్తారు. ఈయనకి 1944లో ఇచ్చింది మాత్రం నాలుగేళ్లపాటు పదేపదే వెళ్లి పోరాడి వచ్చినందుకు, వంద దాడులు చేసినందుకు. అది చెప్పు. బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో ఎగిరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయారు. అంటే నూటికి నలభై నాలుగు మంది. పక్క మంచం మీద రాత్రి పడుకున్నవాడు మర్నాడు టిఫిన్‌కి రాడు. వంద దాడులంటే ఏమిటో అప్పుడు పాఠకుడికే తెలుస్తుంది.

1940 నవంబరు రాత్రి ఘట్టం బాగా రాశావు. కొలోన్ వైపు వెళ్లిన విట్లీ విమానానికి ఫిరంగి దెబ్బ తగిలి, లోపలున్న ఫ్లేర్, అంటే వెలుగు కోసం కిందికి వదిలే మందుగొట్టం, పేలి, పక్కగోడ చీలిపోయింది. వైర్‌లెస్ కుర్రాడు ఒళ్లు కాలి అరుస్తున్నాడు. ఆ విమానాన్నే చెషైర్ ఇంటికి తెచ్చాడు. కానీ అక్కడ 'మొక్కవోని ధైర్యంతో' అని ఒక మాట వేశావు చూడు, అది తీసెయ్యి. చీలికలోంచి కొట్టే గాలిని రాయి, ఆ చలిని రాయి.

ఆయన నాయకత్వంలోని విమాన దళం, 76వ స్క్వాడ్రన్ సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు, అది తప్పు. హాలిఫాక్స్ విమానాలు వరసగా కూలిపోతుంటే ఆయన ముక్కు దగ్గరి తుపాకీ గూడూ నడిమి గూడూ పీకించేసి బరువు తగ్గించాడు. తుపాకులున్నా బరువెక్కువైతే తప్పించుకోలేరని లెక్కగట్టాడు. ఆయన బుర్ర ఎలా పనిచేసేదో నాకు ఇక్కడే బాగా కనబడింది. రెండు పేజీలైనా ఇవ్వు.

1944 ఫిబ్రవరిలో ఫ్రాన్సులోని లిమోజ్. విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీ, లోపల రాత్రి షిఫ్టులో ఫ్రెంచి పనివాళ్లు, ఎక్కువమంది ఆడవాళ్లు. చెషైర్ తన లాంకాస్టర్ బాంబరు విమానాన్ని కప్పులకి ఆనుకున్నంత కిందగా మూడుసార్లు తిప్పాడు, వాళ్లు బయటికి పరుగెత్తాలని. ఆ తర్వాతే వెనక వచ్చే విమానాలకి గుర్తు కోసం నిప్పుబాంబులు వేశాడు. ఇది నువ్వు ఎంతో ప్రేమగా రాశావు. అయితే జర్మనీలో జనం నిద్రపోతున్న ఊళ్ల మీద బాంబులు వేసినవాడూ ఈయనే. అక్కడ హెచ్చరిక లేదు. రెండూ పక్కపక్కనే ఉండాలి.

కింద ఉన్నవాళ్ల భయం మనకి తెలియనిదేం కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదా కాకినాడ మీదా జపాను బాంబులు పడ్డాయి. ఆ నెలలోనే మద్రాసు ఖాళీ అయింది. మా అమ్మకి అప్పుడు ఏడేళ్లు. మద్రాసు చుట్టాలు మూటాముల్లె కట్టుకుని పాకాల స్టేషన్లో దిగారనీ, వాళ్లలో ఒక పిల్లాడు ఏ చప్పుడైనా మంచం కిందికి దూరేవాడనీ చెప్పేది. మీ ఊళ్లో ఎనభై తొంభై దాటినవాళ్లని కూర్చోబెట్టి అడుగు.

ఇప్పుడు అసలు మాట. 1945 ఆగస్టు 9న చెషైర్ బ్రిటన్ తరఫున పరిశీలకుడిగా విమానంలో వెళ్లి, నాగసాకి మీద లేచిన మేఘాన్ని దూరం నుంచి చూశాడు. నీ పుస్తకంలో ఆయన అక్కడ కళ్లనీళ్లు పెట్టుకుని 'నా చేతులకి నెత్తురంటింది' అంటాడు. ఆ మాట ఎక్కడ దొరికింది అమ్మాయీ? ఆ బాంబు యుద్ధాన్ని ఆపిందనీ, దానివల్ల ఎందరో బతికిపోయారనీ ఆయన ఏళ్ల తర్వాత కూడా వాదించాడు. నేను ఒప్పుకోను. ఆ ఊరి పిల్లల్ని తలుచుకుంటే నాకా వాదన మింగుడుపడదు. అయినా ఆయన నమ్మకం ఆయనది. మనకి కళింగ యుద్ధం కాగానే అశోకుడు మారిపోవాలి, పుట్టలోంచి వాల్మీకి లేచి రావాలి. ఆ అలవాటుతోనే నువ్వు చెషైర్‌ని ఏడిపించావు.

ఆయన నిజంగా చేసింది చూడు. 1948లో ఇంగ్లండులో లే కోర్ట్ అనే పాత బంగళాలో, చేతిలో డబ్బు లేని రోజుల్లో ఉన్నాడు. ఆర్థర్ డైక్స్ అనే మనిషి క్యాన్సర్‌తో చనిపోబోతున్నాడు, తీసుకెళ్లేవాళ్లు లేరు. చెషైర్ తెచ్చుకుని తన చేతులతోనే సేవ చేశాడు. వికలాంగులకీ దీర్ఘరోగులకీ ఆశ్రయమిచ్చే చెషైర్ హోములకి మొదలు అదే. 1950ల్లో మన దేశానికీ వచ్చాయి. నువ్వు దాన్ని 'సేవామార్గం పట్టాడు' అని రెండు మాటల్లో ముగించావు.

మా అమ్మ పదకొండు నెలలు మంచం పట్టింది. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే పడకపుండ్లు పడతాయి. ఒక చెయ్యి భుజం కింద, ఒకటి తుంటి కింద పెట్టి, మోకాలు మంచానికి ఆనించి నెమ్మదిగా తిప్పాలి. మొదటి వారం నాకు చేతకాక ఆమెని నొప్పి పెట్టాను. వీపు తుడిచి పౌడరు రాస్తుంటే ఆమె సిగ్గుతో కళ్లు మూసుకునేది. లాంకాస్టర్ నడిపిన చేతులు ఈ పని ఎలా నేర్చుకున్నాయో రాయి. ఎవరికైనా మంచం దగ్గర పని చేసి చూడు, లేదా ఇక్కడ వికలాంగులకి వైద్యం చేసే బర్డ్ ఆసుపత్రి వరండాలో ఒక పూట కూర్చో.

తర్వాత ఆయనకే క్షయ వచ్చి రెండేళ్లకి పైగా శానిటోరియంలో పడుకున్నాడు. ఆ అధ్యాయానికి ముందు మదనపల్లె దగ్గర పాత క్షయ శానిటోరియం ఉన్న ఆరోగ్యవరం వెళ్లిరా.

గంగ జాతర అయ్యాక ఇంటికి రా. నోటుబుక్కు నా దగ్గరే ఉంది, పక్కన పెన్సిలుతో గుర్తులు పెట్టాను. డైక్స్ అధ్యాయం మాత్రం కొత్తగా రాసి తీసుకురా, ఇద్దరం కూర్చుని చదువుదాం.

నీ మేలు కోరే
మామయ్య