ఉబుంటులో సీ ప్రోగ్రాం ఎలా?

ప్రశ్న: అన్నయ్య పాత ల్యాప్‌టాప్ ఇచ్చాడండీ, అందులో విండోస్ లేదు, ఉబుంటు ఉంది. కాలేజీలో సీ మొదలుపెట్టారు, టర్బో సీ డౌన్‌లోడ్ చేసి ఎన్నిసార్లు నొక్కినా ఓపెన్ అవట్లేదు.
– డిప్లొమా విద్యార్థి, తెనాలి

జవాబు: అవదు బాబూ, అది డాస్ అనే పాత సిస్టమ్ కాలం నాటిది, మన కాలేజీలే ఇంకా పట్టుకుని వేలాడుతున్నాయి. నీక్కావాల్సింది జీసీసీ, అంటే సీ ప్రోగ్రాంని కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్. కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే విండో వస్తుంది, అందులో ముందు సుడో ఆప్ట్ అప్‌డేట్, తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టు, జీసీసీ అందులోనే వచ్చేస్తుంది. పాస్‌వర్డ్ టైప్ చేస్తుంటే చాలా వెర్షన్లలో చుక్కలు కూడా కనపడవు, కీబోర్డు పోయిందని కంగారుపడకు, కొట్టేసి ఎంటర్ నొక్కేయ్. ఇంకోటి, మీ సార్ రాయించే కోనియో డాట్ హెచ్ లైను ఇక్కడ పనిచేయదు, అది తీసేసి వాయిడ్ మెయిన్ బదులు ఇంట్ మెయిన్ అని రాసుకో.