కీ ఇచ్చే పాత గోడగడియారం కొందామనుకుంటున్నాం, ఏం చూసుకోవాలి?

ప్రశ్న: నమస్తే సార్. మా తాతయ్య వాళ్లింట్లో హాల్లో కీ ఇచ్చే గోడగడియారం ఉండేది, ప్రతి ఆదివారం పొద్దున స్నానం చేసొచ్చి ఆయనే కీ ఇచ్చేవారు, ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఇల్లు అమ్మేసినప్పుడు అదెటు పోయిందో తెలీదు. ఇప్పుడు తెనాల్లో సొంతిల్లు కట్టుకున్నాం, అలాంటిదే పెట్టుకోవాలని హైదరాబాద్‌లో పాత సామాన్ల కొట్లు తిరిగాం. ఒకచోట ఇత్తడిది, డయల్ మీద విక్టోరియా స్టేషన్ 1747 అని ఉంది, పద్దెనిమిది వేలు చెప్పారు. ఇంకోచోట చెక్కది, జర్మనీదట, కానీ ఆగిపోయి ఉంది, చిన్న రిపేరే అంటున్నారు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఆ ఇత్తడిది వద్దమ్మా. 1747లో అసలు రైళ్లే లేవు, ఇంగ్లండ్‌లో స్టాక్టన్ డార్లింగ్టన్ లైను మొదలైందే 1825లో, లండన్ విక్టోరియా స్టేషన్ తెరిచింది 1860లో, విక్టోరియా రాణి పుట్టిందే 1819లో. ఇలాంటివి ఈమధ్య అలంకారం కోసం చేసి అమ్ముతున్నవి, చాలావాటిలో లోపల బ్యాటరీ మిషనే ఉంటుంది. చూడ్డానికి బావుందని తక్కువలో కొనుక్కుంటే తప్పులేదు గానీ పాతదని చెప్పి పద్దెనిమిది వేలు అడగడం మాత్రం అన్యాయం.

ఇక చెక్కది. మీ తాతగారు ఆదివారం ఆదివారం కీ ఇచ్చేవారన్నారు కదా, అంటే అది ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచేది అయ్యుంటుంది. డయల్ మీద కీ పెట్టే రంధ్రాలు చూడండి, మామూలుగా ఒకటే ఉంటే టైం మాత్రమే చూపిస్తుంది, రెండుంటే రెండోది గంటలు కొట్టే స్ప్రింగుది. డయల్ మీద పేరు చూసి మోసపోవద్దు, చాలాసార్లు అది అమ్మిన షాపు పేరే అయ్యుంటుంది. తయారుచేసినవాళ్ల గుర్తు లోపల మిషన్ వెనక ప్లేటు మీద ఉంటుంది, నక్షత్రంలో జె అక్షరం ఉంటే యుంగ్‌హాన్స్ వాళ్లది, ఒకదాని మీదొకటి అడ్డంగా రెండు బాణాలుంటే హాంబర్గ్ అమెరికన్ కంపెనీది. మిషన్ బిగించిన చెక్క మీద వాడని స్క్రూ రంధ్రాలు కనబడ్డాయంటే వేరే గడియారం మిషన్ తెచ్చి ఇందులో పెట్టుంటారని అనుమానించాలి. పెట్టె అడుగున సన్నటి పొడి రాలుతుంటే పురుగు ఇంకా ఉన్నట్టే, అది మీ కొత్తింటి తలుపులకి కూడా పాకుతుంది.

నా గట్టి అభిప్రాయం ఏంటంటే నడవని గడియారం ఎంత అందంగా ఉన్నా డబ్బులిచ్చి తెచ్చుకోకూడదు. చిన్న రిపేరే అయితే వాళ్లనే చేయించి పెట్టమనండి, మళ్లీ వెళ్లి గోడకి తిన్నగా తగిలించమని గంటసేపు అక్కడే కూర్చుని వినండి, టిక్‌కీ టిక్‌కీ మధ్య ఎడం సమానంగా ఉండాలి, అరగంటకీ గంటకీ సరిగ్గా కొట్టాలి. ఇన్నేళ్లు తిరిగి తిరిగి ఇరుసులు తిరిగే రంధ్రాలు అరిగి సాగిపోయుంటే, అది చిన్న రిపేరు కాదు, మిషన్ మొత్తం విప్పి అరిగిన రంధ్రాల్లో బుష్‌లు, అంటే చిన్న ఇత్తడి గొట్టాలు, వెయ్యాలి. అందుకే కొనకముందే తెనాల్లోనో గుంటూరు, విజయవాడల్లోనో గంటల గడియారాలు విప్పి కట్టగల పాత మెకానిక్ ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి, బ్యాటరీలు మార్చే షాపాయన ఈ పనికి సరిపోడు, అందులోని స్ప్రింగు చేతులు కోసేస్తుంది కూడా.

ఇంటికొచ్చాక కొబ్బరినూనె మాత్రం వెయ్యకండి, చాలామంది చేసేది ఇదే, చలికాలంలో గడ్డకట్టి దుమ్ము పట్టి మిషన్‌ని పాడుచేస్తుంది. టైం వెనకబడుతుంటే లోలకం కింద ఉన్న చిన్న నట్టు తిప్పి బిళ్లని కొంచెం పైకి జరపాలి, ముందుకి పోతుంటే కిందకి. పెద్దముల్లుని వెనక్కి తిప్పొద్దు, ముందుకే తిప్పాలి, అరగంట దగ్గరా గంట దగ్గరా ఆగి కొట్టనిచ్చి మళ్లీ తిప్పుకోవాలి.

ఇంకొకటమ్మా, తాతగారి హాల్లో తీసిన పాత ఫొటోలు మీ మేనత్తల దగ్గరో బాబాయిల దగ్గరో ఉంటాయి, పెళ్లి ఫొటోల్లో వెనక గోడ మీద గడియారం తప్పకుండా పడుంటుంది, పెట్టె ఆకారం, రంధ్రాలు ఎన్ని, అంకెలు రోమన్‌వా మామూలువా అన్నీ అందులో తెలుస్తాయి. ఆ ఫొటో ఫోన్‌లో పెట్టుకుని కొట్లవాళ్లకి చూపించండి, ఇలాంటిది వస్తే చెప్పమని.