ముల్లు బరువు

నెల్లూరు, మూలాపేట

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మొన్న రాత్రి నీ రికార్డు ప్లేయర్ స్పీకర్ పక్కన ఫోన్ పెట్టి నువ్వు వినిపించిన పాట విన్నాను. బాలు గొంతు బానే ఉంది గానీ 'స' వచ్చిన ప్రతిచోటా పాము బుస కొట్టినట్టుంది. ఆఖరి చరణానికి మరీ చిట్లిపోయింది. ప్లేటు పాతది మామా అన్నావు. ప్లేటు తప్పేం లేదురా. "అరిగిపోకుండా ముల్లు బరువు ఒక గ్రాముకు తగ్గించి పెట్టా" అని గొప్పగా చెప్పావు చూడు, గొడవంతా అక్కడుంది. ఫోన్లో చెబితే సగం విని "సరే సరే" అంటావని కాగితం మీద పెడుతున్నా.

నీ మిషన్‌కి ఉన్నది ఆడియో టెక్నికా వీఎం95ఈ కాట్రిడ్జ్ (ముల్లు బిగించి ఉండే చిన్న డబ్బా) అన్నావు. దానికి కంపెనీ చెప్పిన బరువు, అంటే ముల్లు ప్లేటుని నొక్కే బరువు, 2 గ్రాములు. 1.8 నుంచి 2.2 దాకా ఎక్కడున్నా ఇబ్బంది లేదు. ఒక గ్రాము పెడితే ముల్లు ప్లేటు మీది పాట గాడిలో కుదురుగా కూర్చోదు. 'స', 'ష' పలికే చోట, తాళాలు మోగే చోట గాడి గోడలు సన్నగా, వేగంగా వంకర్లు తిరుగుతాయి. తేలిక ముల్లు ఆ వంకర్లను పట్టుకోలేక ఎగిరి, మళ్ళీ వచ్చి గోడకు కొట్టుకుంటుంది. కొట్టుకున్న ప్రతిసారీ గోడ చెక్కుకుపోతుంది. నీకు వినపడే బుస అదే. పావు గ్రాము ఎక్కువైన ముల్లు చేసే నష్టం కంటే ఎగిరే ముల్లు చేసే నష్టం పెద్దది. కంపెనీ ఇచ్చిన రెండంకెల్లో నేనెప్పుడూ పై అంకె వైపే ఉంటా.

అలాగని నేను చేసిన పని చేయకు. డెబ్బైల్లో కావలిలో ఒక మైకు సెట్టు షాపులో పనిచేశాను, నీకు తెలుసుగా. పెళ్ళి పందిట్లో ఊగే బల్ల మీద ప్లేయరు, చుట్టూ పరుగులు తీసే పిల్లలు. ముల్లు ఎగిరి పాట మధ్యలో ఇంకెక్కడికో పోయేది. అప్పుడు జేబులోంచి పావలా బిళ్ళ తీసి ముల్లున్న హెడ్ మీద పెట్టేవాణ్ణి. పాట నిలబడేది. పావలా బిళ్ళ బరువు రెండున్నర గ్రాములు. అప్పటి క్రిస్టల్ కాట్రిడ్జ్‌లు అసలే నాలుగైదు గ్రాములతో తొక్కుతూ పోయేవి, దాని మీద ఇదొకటి. ఆ ఏడు లగ్గసరి అయ్యేసరికి నిగనిగలాడే ప్లేట్లు కాస్తా గాడుల్లో బూడిదరంగు తిరిగాయి. ఓనరు నా జీతంలో కోసుకున్నాడు. ఆయన్ననడానికి లేదు. ఆ ప్లేట్లలో ఒకటి ఇంకా నా దగ్గరే ఉంది.

బరువు సంగతికి మళ్ళీ వస్తా. దానికంటే ముందు మిషన్ కింద ఏముందో చూసుకో. మట్టం లేని చోట ఎంత సరిచేసినా ఒకటే. మేస్త్రీల దగ్గరుండే రసమట్టం తెచ్చి, ప్లేటు పెట్టే పళ్ళెం మీద నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టు. బుడగ మధ్యలోకి వచ్చేదాకా మిషన్ కాళ్ళు తిప్పు. ఇక బల్ల. నువ్వు చేసేదే చీమకుర్తి గ్రానైట్‌లో. కటింగ్‌లో మిగిలిన ముక్క ఒకటి, అడుగున్నర వెడల్పు, అంగుళం పైన మందం ఉన్నది తెచ్చుకో. పదిహేను కిలోలకు తక్కువుండదు, అడుగుల చప్పుడుకు కదలదు. ఒక్కటే, రాయి వేలితో తడితే మోగుతుంది. అందుకని నాలుగు మూలలా మందపాటి రబ్బరు ముక్కలు పెట్టి దాని మీద రాయిని కూర్చోబెట్టు. ఇంత మంచి రాయి ఊళ్ళో పెట్టుకుని ప్లైవుడ్ స్టాండు ఎందుకు కొన్నావో నాకర్థం కాలేదు.

తర్వాత కాట్రిడ్జ్. ఫ్యాక్టరీలో బిగించి పంపారు కదా అని వదిలెయ్యకు. ప్లేటు తయారీలో మొదట గాడి కోసే ముల్లు అంచు నుంచి మధ్యకు తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు పోతుంది. ముల్లుని మోసే మన టోన్ ఆర్మ్‌కి ఒక చివర కదలదు, అందుకని తలుపు తిరిగినట్టు వంపుగా తిరుగుతుంది. ఈ రెండు దారులూ ఎప్పటికీ ఒకటి కావు. కాట్రిడ్జ్‌ని ఎంత సరిగా కూర్చోబెట్టినా ముల్లు గాడికి నూటికి నూరుపాళ్ళు సూటిగా ఉండేది రెండే చోట్ల. బేర్‌వాల్డ్ అనే ఆయన లెక్క ప్రకారం అయితే మధ్య కడ్డీ నుంచి 66 మిల్లీమీటర్ల దగ్గర, 120.9 దగ్గర. ఆ రెండు చుక్కలూ, వాటి మీద గళ్ళూ ఉన్న కాగితాన్ని ప్రొట్రాక్టర్ అంటారు. జెరాక్స్ షాపులో ప్రింట్ తీయిస్తే పేజీకి సరిపడేలా కుదించేస్తారు. స్కేలు పెట్టి 66 నిజంగా 66 ఉందో లేదో చూసుకున్నాకే వాడు.

కాట్రిడ్జ్‌ని ఆర్మ్ కొసకు పట్టి ఉంచే హెడ్‌షెల్ స్క్రూలు రెండూ సగం వదులు చెయ్. ఇక్కడ జాగ్రత్త. కాట్రిడ్జ్ లోపల అయస్కాంతం ఉంటుంది, ఇనుప స్క్రూడ్రైవర్‌ని చటుక్కున లాక్కుంటుంది. ముల్లుకు తొడుగు వేసే స్క్రూల దగ్గరికి వెళ్ళు. వెనకున్న నాలుగు సన్న తీగల జోలికి పోకు. తప్పనిసరైతే తీగ పట్టి లాగకుండా కొనకున్న క్లిప్‌ని పట్టుకుని తియ్. తెలుపు, నీలం ఎడమవి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి.

ఇప్పుడు తొడుగు తీసి, ముల్లుని ఒక చుక్క మీదికి మెల్లగా దించి, ఫోన్ టార్చ్ వేసి ఎదురుగా వంగి చూడు. కాట్రిడ్జ్ డొక్కను చూడకు, ముల్లు కొసను పట్టుకునున్న ఆ సన్న పుల్లను చూడు. అది గళ్ళ గీతలకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. రెండో చుక్క మీద పెట్టినా అంతే ఉండాలి. ఒకచోట కుదిరితే ఇంకోచోట తప్పుతుంది. కాట్రిడ్జ్‌ని వెంట్రుకవాసి ముందుకు జరుపు, మళ్ళీ చూడు. మొదటిసారి గంట పడుతుంది, నడుం పట్టేస్తుంది, మీ ఆవిడ తిడుతుంది. రెండు చుక్కలూ కుదిరాక స్క్రూలు అటొకటి ఇటొకటి కొద్దికొద్దిగా బిగించు. ఒకేసారి బిగిస్తే కాట్రిడ్జ్ తిరిగిపోయి మొత్తం మొదటికొస్తుంది.

నీ ఆఖరి చరణం చిట్లడంలో దీని వాటా కూడా ఉంది. ప్లేటు ఎక్కడైనా నిమిషానికి 33⅓ చుట్లే తిరుగుతుంది. అంచు దగ్గర సెకనుకు అర మీటరు గాడి ముల్లు కింద నుంచి పోతే, లేబుల్ దగ్గరికొచ్చేసరికి అందులో సగం కూడా పోదు. అంతే పాటను అంత ఇరుకులో కుక్కుతారు. అక్కడ ముల్లు కాస్త వంకరగా ఉన్నా దొరికిపోతుంది. అందుకే నేను ఏ మిషన్‌నైనా ముందు ఆఖరి పాటతో పరీక్ష పెడతా.

ఇక బరువు. యాంటీ స్కేటింగ్ (అదేంటో కింద చెబుతా) సున్నాకి తిప్పి, ఆర్మ్‌ని క్లిప్‌లోంచి వదిలి, వెనక బరువుని తిప్పుతూ పో. ఒకచోట ఆర్మ్ పైకీ పోదు, కిందికీ రాదు, సరుకు లేని తక్కెడ దండెలా గాల్లో తేలుతుంది. అప్పుడు బరువు కదలకుండా పట్టుకుని అంకెల చక్రాన్ని మాత్రం సున్నాకి తేవాలి. ఆ తర్వాత రెండిటినీ కలిపి 2 దాకా తిప్పు. చక్రం మీద అంకెలు పూర్తిగా నమ్మదగ్గవి కావు, చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కో. ఒకసారి ఆచారివీధిలో తెలిసినాయన నగలు తూచే కాటా అడిగి తెచ్చా. దాని పళ్ళెం ప్లేటు కంటే బెత్తెడు ఎత్తులో ఉంది, ఆర్మ్ ఆకాశం చూసింది. కాటా మీద ముల్లు ఆనే చోటు ప్లేటు ఎత్తులోనే ఉండాలి, లేకపోతే లెక్క తేడా వస్తుంది.

యాంటీ స్కేటింగ్‌ని కూడా 2 దగ్గరే పెట్టి మొదలుపెట్టు. తిరిగే ప్లేటు ఆర్మ్‌ని లోపలికి లాగుతుంది, ఇది బయటికి లాగి సరిచేస్తుంది. తక్కువైతే ముల్లు లోపలి గోడకు ఆనుకుని, కుడి స్పీకర్‌లో ముందు బుస మొదలవుతుంది. ఎక్కువైతే ఎడమ దాంట్లో. గాడుల్లేని నున్నటి ప్లేటు మీద ముల్లు పెట్టి చూడమనేవాళ్ళున్నారు. గాడి లేనిచోట రాపిడి వేరు, నాకా పద్ధతి మీద నమ్మకం లేదు.

ఆర్మ్ ఎత్తు గురించి జనం తెగ టెన్షన్ పడతారు. ముల్లు ప్లేటు మీద ఉన్నప్పుడు పక్కనుంచి చూస్తే ఆర్మ్ ప్లేటుకు సమాంతరంగా కనపడితే చాలు. ఇంట్లో ఉండే తొమ్మిదంగుళాల ఆర్మ్‌లో వెనక ఒక మిల్లీమీటరు పెరిగితే మారే కోణం పావు డిగ్రీ. ముందు నుంచి చూసినప్పుడు కాట్రిడ్జ్ ఒక పక్కకు ఒరిగి ఉండకూడదు, అంతే.

ఒకసారికి ఒకటే మార్చు, ఆ ఆఖరి పాటే మళ్ళీ విను. రెండు మార్చి వింటే ఏది పనిచేసిందో నీకే తెలియదు.

అమ్మమ్మ పెట్టెలో ఉన్న 78 ప్లేట్ల మీద, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పాత ప్లేట్ల మీద, ఈ ముల్లు పెట్టకు. వాటి గాడి దీనికి చాలా వెడల్పు, ముల్లు అడుగున పడి గీసుకుంటూ పోతుంది. నీ కాట్రిడ్జ్‌కే 78ల కోసం వేరే ముల్లు దొరుకుతుంది. అది వేసిన రోజున దానితో వచ్చిన కాగితంలో రాసిన బరువు పెట్టు, ఈ 2 గ్రాములు కాదు. ఆ పెట్టెలోనే తాత గ్రామఫోన్ సౌండ్‌బాక్స్, ముల్లు బిగించే ఆ గుండ్రటి డబ్బీ, కూడా ఉంటుంది, పారెయ్యకు. లోపల గుండ్రటి రేకు ఉంటుంది చూడు, అది అభ్రకం. మన గూడూరు, సైదాపురం గనుల్లో పొరలు పొరలుగా ఊడొచ్చేదే.

ఆదివారం ఒంగోలు వచ్చే మీ అత్త చేతికి రసమట్టం, నా పాత ప్రొట్రాక్టర్, ఆ పావలా బిళ్ళ ప్లేటు ఇచ్చి పంపుతున్నా. చెయ్యి కుదిరేదాకా నీ ప్రయోగాలన్నీ దాని మీదే చెయ్. దానికి కొత్తగా పోయేదేం లేదు.

మీ మామ