ఇరవై పరీక్షల్లో ఒకటి నెగ్గితే నమ్మవచ్చా?

చిత్తూరు జిల్లా తోతాపురి తోటల్లో 20 మట్టి లక్షణాలకూ దిగుబడికీ సంబంధం వెతికితే జింకుకు మాత్రం పి-విలువ (సంబంధమేమీ లేకున్నా కాకతాళీయంగా కనీసం ఇంత బలమైన ఫలితం వచ్చే అవకాశం) 0.03 వచ్చిందనీ, థీసిస్‌లో రాయవచ్చా అనీ అడిగారు.

ఇప్పుడే వద్దు. పి-విలువ 0.05 కంటే తక్కువైతే సంబంధం ఉన్నట్టేనని హద్దు పెట్టుకుంటే, ఏ సంబంధమూ లేని చోట కూడా ఒక్కో పరీక్ష నూటికి 5 సార్లు ఉందని చెబుతుంది. ఒక్క పరీక్షకైతే సర్దుకోవచ్చు. పరస్పర సంబంధం లేని 20 పరీక్షలు ఒక్క పొరపాటూ లేకుండా గట్టెక్కే అవకాశం కావాలంటే, ఒక్కో పరీక్ష పొరబడని అవకాశమైన 0.95ను 20 సార్లు వేసి ఒకదానితో ఒకటి గుణించాలి: 0.36. అంటే ఎక్కడో ఒక చోట బూటకపు ఫలితం తగిలే అవకాశం 64 శాతం! మట్టి లక్షణాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటే ఈ అంకె కొంత తగ్గుతుంది, అంతే.

పరీక్షలు ఎక్కువైనప్పుడు హద్దును బిగించే బాన్‌ఫెరోనీ పద్ధతిలో 0.05ను 20తో భాగిస్తే హద్దు 0.0025. మీ 0.03 దాని దరిదాపుల్లో లేదు. అంత కఠినం కాని బెంజమిని-హోచ్‌బెర్గ్ పద్ధతి (1995) కూడా మీ జింకును నిలబెట్టదు. మిగతా 19 విలువలూ 0.05 పైనే ఉన్నాయి కదా.

ఆ 19నీ దాచవద్దు. మీ మాట నమ్మి రైతు అప్పు చేసి జింక్ సల్ఫేట్ కొంటాడు. వచ్చే కాపుకు వేరే తోటల్లో జింకు ఒక్కదాన్నే పరీక్షించండి, అప్పుడు 0.05 హద్దు చాలు.