‘దత్త’ మండలాలా, ‘దత్తత’ మండలాలా?

సందేహం: పోటీ పరీక్షల పుస్తకాల్లో ‘దత్త మండలాలు’, ‘దత్తత మండలాలు’ అని రెండు రూపాలూ కనిపిస్తున్నాయి. ఏది ఒప్పు? నిజాం చేసుకున్న ‘సైన్య సహకార ఒప్పందం’లో ఎవరు ఎవరికి సహకరించినట్టు?

సమాధానం: ‘దత్త మండలాలు’ ఒప్పు. దా ధాతువుకు క్త ప్రత్యయం చేరితే ‘దత్త’, అంటే ‘ఇచ్చిన’. దత్తపుత్రుడన్నా కన్నవారు ఇచ్చిన కొడుకనే. దత్తుడు కావడం దత్తత. మండలాలను ఎవరూ పెంపకానికి తీసుకోలేదు కనుక ఇక్కడ ఆ రెండో ‘త’కు చోటు లేదు. దత్తమైన మండలాలు అని విగ్రహవాక్యం; విశేషణ పూర్వపద కర్మధారయం. ఇంగ్లీషువారి ‘సీడెడ్ డిస్ట్రిక్ట్స్’కు మాటకు మాటగా వచ్చింది.

ఇచ్చినవని చెబుతుంది గానీ ఎవరిచ్చారో, దేనికిచ్చారో ఈ మాట చెప్పదు. ఆ జవాబు మీ రెండో ప్రశ్నలో ఉంది.

సైన్య సహకార ఒప్పందాన్ని ఇంగ్లీషులో ‘సబ్సిడియరీ అలయెన్స్’ అంటారు. ‘సబ్సిడియరీ’కి మూలం లాటిన్ సబ్సిడియం. యుద్ధంలో ఆదుకోవడానికి వెనక వరసలో నిలిపి ఉంచిన దళమని దాని అర్థం. తరవాత ఇంగ్లీషులో సాయంగా ఇచ్చే సొమ్ము ‘సబ్సిడీ’ అయింది. అలా సైన్యమూ సొమ్మూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. మనం ‘సైన్య సహకారం’ అనేసరికి సొమ్ము జారిపోయింది. చదివే పిల్లలకు కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, ఏదో ఉపకారం చేసినట్టు తోస్తుంది. నాకు బాధ కలిగించేది ఇదే.

1798 ఒప్పందం చూడండి. 6,000 మంది కుంపిణీ సిపాయిల ఖర్చుకు నిజాం ఏటా రూ.24,17,100 కట్టాలి. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న తన పటాలాలను రద్దు చేసుకోవాలి. సిపాయిలు కుంపిణీవాళ్ళు, వాళ్ళను నడిపే దొరలూ కుంపిణీవాళ్ళే. జీతం మాత్రం నిజాం ఖజానాది. రెండేళ్ళు తిరిగేసరికి, 1800 అక్టోబరులో, ఆ సైన్యాన్ని పెంచి, నగదుకు బదులు నేలనే రాయించుకున్నారు. 1792, 1799 మైసూరు యుద్ధాల్లో నిజాం వాటాకు వచ్చిన సీమలవి: ఇప్పటి బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలు, కర్నూలులో కొంత. అక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో సైనికాధికారి. పాళెగాళ్ళను (స్థానిక సాయుధ నాయకులను) అణచి శిస్తు రాబట్టడానికి పటాలం కావాలి, పటాలానికి జీతమివ్వడానికి శిస్తు కావాలి.

ఈ పద్ధతిని కుంపిణీ కొత్తగా కనిపెట్టలేదు. 1753లో అప్పటి నిజాం సలాబత్ జంగు ఉత్తర సర్కారులను (కోస్తా సీమలను) ఫ్రెంచి సేనాని బుస్సీకి ఇచ్చింది ఫ్రెంచి సైన్యం ఖర్చుకే. మొగలుల పాలనలో జీతానికి బదులిచ్చే నేలను ‘తన్ఖా జాగీరు’ అనేవారు. తన్ఖా అంటే జీతం. అయితే జాగీరుదారును పాదుషా మార్చగలడు. కుంపిణీని మార్చడం నిజాం తరం కాలేదు.

ఇక వాడుక. ‘సైన్య సహకార పద్ధతి’ రూఢి అయిపోయింది, పరీక్షలో అదే రాయండి. సొంతంగా వివరించేటప్పుడు ‘సైన్యపోషణ ఒప్పందం’ అనండి, ఎవరు పోషించారన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. ‘కిరాయి సైన్యం’ అనకండి. కిరాయికి తెచ్చుకున్నవాడు వద్దనుకుంటే మాన్పించగలడు, నిజాంకు ఆ వీలు లేదు. ‘కప్పం’ కూడా కుదరదు. అది ఓడినవాడు గెలిచినవాడికి కట్టేది. ఇక్కడ ఇద్దరూ మిత్రులమని సంతకాలు చేసుకున్నారు.

‘మండలాలు అప్పగించబడ్డాయి’ అనే వాక్యాన్నీ వదిలేయండి, కర్త మాయమవుతాడు. ‘సైన్యం జీతానికి బదులుగా నిజాం ఈ సీమలను కుంపిణీకి రాసిచ్చాడు’ అంటే సరిపోతుంది.

1928లో నంద్యాల సభల్లో ఆ పాత పేరు వద్దని ‘రాయలసీమ’ అని పెట్టుకున్నారు. కనుక కుంపిణీ కాలపు సంగతులు రాసేటప్పుడు ‘దత్త మండలాలు’ అనండి. ఈనాటి ప్రాంతాన్ని ఆ పేరుతో పిలవకండి.