ఐవీఎఫ్ మొదలుపెట్టబోతున్న మా చెల్లె బిడ్డకు

బిడ్డా,

ఈసారి నెలసరి రెండో రోజు నుంచి నీకు ఇంజెక్షన్లు మొదలవుతాయని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఫోన్లో చెప్తే నువ్వు "సరే పెద్దమ్మా, సరే" అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే కావాల్సినప్పుడు మళ్ళీ చదువుకుంటావని రాస్తున్నా. గుడ్లు బయటికి తీసి, ల్యాబులో పిండం చేసి, మళ్ళీ గర్భసంచిలో పెట్టే ఈ ఐవీఎఫ్‌లో మందుల సంగతి డాక్టరమ్మ చూసుకుంటుంది. నేను చెప్పేది మనసు సంగతి. పిల్లల కోసం వచ్చే జంటల మధ్య నర్సుగా చాలా ఏండ్లు పనిచేసిన. అంతకుముందు ఆ బెంచీ మీద నేనూ కూర్చున్నదాన్నే. పెళ్ళయిన ఎన్నో ఏండ్లకు గానీ మీ అన్న పుట్టలేదని నీకు తెలుసు కదా.

అన్నిటికన్నా ముందు ఇది గుర్తుపెట్టుకో. ఈ చికిత్సలో మనసు ఎగిరిపడేదీ, కుప్పకూలేదీ ఎప్పుడు పడితే అప్పుడు జరగదు. చాలావరకు వాటికి తేదీలుంటాయి. స్కాన్ రోజు, ఎగ్ పికప్ అంటే గుడ్లు తీసిన మర్నాడు, గర్భం నిలిచిందో లేదో రక్తంలో చూసే బీటా టెస్టు రోజు. ఏడుపు రాకుండా ఆపడం ఎవరి వల్లా కాదు. కానీ ఏడుపొచ్చే రోజు ఏదో ముందే తెలిస్తే, ఆ రోజు నీ పక్కన ఎవరుండాలో, ఎవరుండకూడదో ముందే చూసుకోవచ్చు. ఒక క్యాలెండర్ తీసుకొని నువ్వు, అల్లుడు కలిసి కూర్చొని ఆ తేదీలకు గుర్తులు పెట్టుకోండి.

గుడ్లు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లు సుమారు పది పన్నెండు రోజులుంటాయి. బొడ్డుకు రెండు వేళ్ళ దూరంలో చర్మాన్ని చిటికెడు పట్టుకొని గుచ్చాలి. సూది సన్నగానే ఉంటుంది, మొదటి రోజు భయం తప్ప నొప్పి పెద్దగా ఉండదు. రాత్రి ఎనిమిదికి అంటే ఎనిమిదికే. ఆ పని అల్లుడిని నేర్చుకోమను. ముందు బట్టలో చుట్టిన ఐసు ముక్క ఒక నిమిషం పెట్టి, తర్వాత స్పిరిటు దూది రుద్ది, అది ఆరాక గుచ్చాలి. మొదటిసారి నీకన్నా అతని చేయే ఎక్కువ వణుకుతుంది. వణకనీ. రోజూ ఆ ఐదు నిమిషాలు ఇద్దరూ ఒక గదిలో తలుపేసుకొని ఒకే పని మీద ఉంటారు చూడు, తర్వాతి రోజులకు అది చాలా బలం. ఫ్రిజ్‌లో పెట్టమన్నవి కింది అరలో పెట్టు, పైన గడ్డకట్టే చోట పెట్టొద్దు. జమ్మికుంట నుంచి రైల్లో తెచ్చేటప్పుడు మెడికల్ షాపు వాళ్ళు ఇచ్చే ఐసు ప్యాకెట్ ఉన్న డబ్బాలోనే తీసుకురావాలి.

ఇక లెక్కల సంగతి. స్కాన్ చేస్తూ డాక్టరు "కుడివైపు ఆరు, ఎడమవైపు ఐదు" అనగానే మనసు పదకొండుకు పదకొండూ పిల్లలేనని లెక్కేసుకుంటుంది. అట్లా ఉండదు బిడ్డా. మాటవరసకు, పదకొండు ఫోలికల్స్‌లో, అంటే గుడ్లు పెరిగే చిన్న సంచుల్లో, ఎనిమిది గుడ్లు రావొచ్చు, అందులో ఆరు పండినవి ఉండొచ్చు, నాలుగు ఫలదీకరణ కావొచ్చు, ఐదో రోజు దాకా రెండే నిలవొచ్చు. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని ఆగిపోతాయి. మామూలుగా గర్భం వచ్చేవాళ్ళ ఒంట్లోనూ ఇదే జరుగుతుంది, వాళ్ళకు కనబడదు అంతే. మనకు మాత్రం ల్యాబు వాళ్ళు పొద్దునే ఫోన్ చేసి అంకె చెప్తారు. పికప్ మర్నాడు వచ్చే ఆ ఫోన్ చాలామందిని కుంగదీస్తుంది. దానికి కూడా క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకో. పిండాలను వెంటనే పెట్టకుండా ఫ్రీజ్ చేసి వచ్చే నెల పెడదామంటే అది చెడు వార్త కాదు. గర్భసంచికి, ఒంటికి విశ్రాంతి దొరకాలని చాలాచోట్ల అట్లనే చేస్తున్నారు.

గుడ్లను చివరగా పండించే ట్రిగ్గర్ ఇంజెక్షన్ టైము మాత్రం అటూ ఇటూ కావద్దు. అది వేసుకున్న 34 నుంచి 36 గంటల్లో గుడ్లు తీస్తారు. డాక్టరు అర్ధరాత్రి టైము చెప్తే అర్ధరాత్రే వేసుకోవాలి. ఆ తర్వాత కడుపు బాగా ఉబ్బినా, ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, ఒకటి రెండు రోజుల్లోనే బరువు గబగబా పెరిగినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. "వాళ్ళను రాత్రిపూట ఇబ్బంది పెట్టడమెందుకు" అనే మొహమాటం నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, అది ఇక్కడ పనికిరాదు.

ట్రాన్స్‌ఫర్ అంటే పిండాన్ని గర్భసంచిలో పెట్టడం అయ్యాక బీటా దాకా ఉండే రోజులే అన్నిటికన్నా కష్టం. సూది లేదు, స్కాన్ లేదు, చేయడానికి పనంటూ లేదు. నిద్రలో కూడా చేయి పొత్తికడుపు మీదికే పోతుంది. రొమ్ములు సలుపుతున్నాయా, వాంతి వచ్చినట్టుందా అని గంటకోసారి చూసుకుంటావు. ఆ రోజుల్లో వాడే ప్రొజెస్టెరాన్ మందుతోనే రొమ్ములు బరువెక్కుతాయి, కడుపు ఉబ్బుతుంది, మత్తుగా ఉంటుంది. కాబట్టి ఆ లక్షణాలున్నాయని నిలిచినట్టూ కాదు, లేవని పోయినట్టూ కాదు. ఇంట్లో కిట్ తెచ్చి చూసుకోవద్దు. కిట్ చూసేది హెచ్‌సీజీ అనే గర్భం హార్మోనునే; ట్రిగ్గర్‌గా అదే ఇచ్చి ఉంటే అది కొన్నాళ్ళు ఒంట్లోనే ఉంటుంది, దానికే రెండు గీతలు పడొచ్చు. మరీ తొందరగా చూస్తే ఉన్న గర్భం కూడా తెలియకపోవచ్చు. ఎటు తిప్పినా మనసే నలుగుతుంది.

మంచం దిగొద్దని చెప్పేవాళ్ళు చాలామంది వస్తారు. దగ్గితేనో, మూత్రానికి పోతేనో, మెట్లెక్కితేనో పెట్టిన పిండం జారిపోదు. రోజుల తరబడి పడుకుంటే ఫలితం పెరగదని వైద్యులు తేల్చారు. బరువులు ఎత్తకుండా మామూలుగా తిరుగు, బడిలో పాఠాలు కూడా చెప్పుకో. ఇంకో మాట పదేపదే వింటావు: "టెన్షన్ పడితే నిలవదమ్మా, సంతోషంగా ఉండు." అనేవాళ్ళు ప్రేమతోనే అంటారు గానీ, వినేదానికి రెట్టింపు భారం. ఏడ్చినందుకు కూడా భయపడుతుంది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 అధ్యయనాలను, 3,583 మంది ఆడవాళ్ళ వివరాలను కలిపి చూసిన పరిశోధన వచ్చింది. చికిత్సకు ముందున్న దిగులు, ఆందోళన వల్ల గర్భం వచ్చే అవకాశం తగ్గలేదని అందులో తేలింది. నీకు ఏడుపొస్తే ఏడువు. నీ కన్నీళ్ళకూ ఆ పిండానికీ సంబంధం లేదు. మొదట్లోనే ఆగిపోయే పిండాల్లో ఎక్కువ వాటికి క్రోమోజోముల తేడానే కారణం. అది నువ్వు తిన్నదాంతో, నడిచినదాంతో వచ్చేది కాదు.

నేను పనిచేసేటప్పుడు పరకాల దిక్కు నుంచి ఒకామె వచ్చేది. బీటా రిపోర్టు చేతికిస్తే విప్పకుండా నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ ఇంకో మడత. కాగితం అగ్గిపెట్టె అంత అయ్యేదాకా మడిచి పిడికిట్లో పట్టుకుంది. భర్త కింద బండి పార్క్ చేస్తున్నాడు. ఆయన వచ్చేదాకా విప్పదట. ఆ రోజు నుంచి ప్రతి జంటకూ ఒకటే చెప్పిన: రిపోర్టు ఎవరు చూస్తారో, ఎక్కడ చూస్తారో ముందే అనుకోండి. నువ్వు స్టాఫ్ రూములో ఉండగా ఆ ఫోన్ రావొద్దు. ఆ రోజు సెలవు పెట్టు, నంబరు అల్లుడిది ఇవ్వు, ఇద్దరూ ఇంట్లో ఉండండి. మీ అత్తగారికి, మీ అమ్మకు సాయంత్రం చెప్పొచ్చు, మర్నాడైనా చెప్పొచ్చు.

పాజిటివ్ వస్తే అంతా అయిపోయిందనుకోకు. రెండు రోజులకు బీటా మళ్ళీ చేస్తారు, అంకె సరిగ్గా పెరగాలి. ఆరేడు వారాలకు స్కాన్‌లో గుండె కొట్టుకోవడం చూస్తారు. అంకె పెరగకుండా పడిపోవడం కూడా జరుగుతుంటుంది. అది చిన్న నష్టం కాదు, దానికి ఏడ్చే హక్కు నీకుంది. ఇన్నాళ్ళు కోరుకున్నది వచ్చాక కూడా సంతోషం రాకుండా భయమే వస్తే, నీలో ఏదో లోపముందనుకోవద్దు. ఈ దారిన వచ్చిన తల్లుల్లో చాలామంది గుండె చప్పుడు విన్నాక కూడా బాత్‌రూముకు పోయిన ప్రతిసారీ రక్తం కనబడుతుందేమోనని చూసుకుంటారు.

నెగెటివ్ వస్తే ఆ వారమంతా పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దు. ఇంకెప్పుడూ వద్దనీ అనొద్దు, వెంటనే మళ్ళీ చేద్దామనీ అనొద్దు. 35 ఏండ్లలోపు వాళ్ళకు కూడా ఒక్కసారి పెట్టినదానితో బిడ్డ చేతికొచ్చే అవకాశం మామూలుగా సగానికన్నా తక్కువే. తర్వాత డాక్టరు దగ్గరికి పోయినప్పుడు "ఎందుకు కాలేదు" అని మాత్రమే అడిగి రావొద్దు, "ఈసారి ఏం మారుస్తారు" అని అడుగు. సరైన జవాబు రాకపోతే ఫైలు తీసుకొని ఇంకో డాక్టరుకు చూపించండి.

డబ్బు సంగతి కూడా మనసు సంగతే. ఎన్నిసార్లు చేయించుకుంటారో, ఎంతదాకా పెడతారో ఇప్పుడే ఒక కాగితం మీద రాసుకోండి. ఓడిన బాధలో ఉన్నప్పుడు ఒంటి మీది బంగారం ఇట్టే బ్యాంకుకు పోతుంది. ప్యాకేజీలో ఇంజెక్షన్లు, మత్తు ఖర్చు, ఫ్రీజింగ్, ఏటా దాచినందుకు కట్టే కిరాయి ఉన్నాయో లేవో రాయించుకోండి. ఐవీఎఫ్ చేసే ఆస్పత్రికి ఇట్లాంటి చికిత్సల మీద వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి, సర్టిఫికెట్ చూపించమని అడగొచ్చు. సంతకం పెట్టే ప్రతి కాగితం చదవండి, పిండం పెట్టకముందు దాకా మీ సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. ఆడా మగా ఎంపిక చేస్తామని ఎవరైనా గుసగుసలాడితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి, అది నేరం.

అల్లుడి పరీక్షలు నీతో పాటే కావాలి. మన ఇండ్లల్లో కోడలికి అన్ని స్కాన్లూ అయ్యాక గానీ కొడుకును పంపరు. పిల్లలు కాని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. వీర్యకణాలు తయారు కావడానికే రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి గుట్కా, తాగుడు మానేది ఉంటే ఇవాళే మానమను. అతను మాట్లాడకుండా బండి తీసి బయటికి పోతే పట్టనట్టున్నాడని అనుకోకు. మగపిల్లలకు ఈ విషయంలో ఏడ్చే చోటు మనం ఇవ్వలేదు. రాత్రి సూది అయ్యాక, "నీకేమనిపిస్తుంది" అని నువ్వే అడుగు.

ఇక చుట్టాలు. బతుకమ్మ ఆడుతుంటే కూడా పక్కకు వచ్చి "ఏమన్నా విశేషమా" అని అడుగుతారు. ఒక మాట తయారుగా పెట్టుకో: "ఉంటే మీకు చెప్పకుండా ఉంటానా" అని నవ్వి పాటలో కలిసిపో. మేమున్నచోట ఆ జవాబు మేం చెప్తాం. శ్రీమంతానికి, తొట్టెల ఫంక్షన్‌కు పోబుద్ధి కాకపోతే పోకు. చీర, పండ్లు నేను పట్టుకపోతా. అక్కడికి పోయి కళ్ళు తుడుచుకోవడం కన్నా అదే మర్యాద. మీ అత్తగారు వేములవాడలో కోడె మొక్కు, మేడారంలో నిలువెత్తు బంగారం (బెల్లం) అనుకుంటే కాదనకు, ఆమె భయానికి అదొక ఆసరా. నీకు మనసుంటే పో, ఇంజెక్షన్ల రోజుల్లో మాత్రం ప్రయాణం పెట్టుకోవద్దని చెప్పు. చెట్ల మందు, పొడులు ఎవరిచ్చినా డాక్టరుకు చెప్పకుండా మింగొద్దు.

నిద్ర పట్టక, అన్నం సయించక రెండు వారాలు గడిచినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా నాకు చెప్పు, డాక్టరుకూ చెప్పు. 14416కు ఫోన్ చేస్తే మనసు బాధలు వినే సర్కారు హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు.

దత్తత మాట నేనెత్తను. అది మీ ఇద్దరికీ కావాలనిపించినప్పుడు తీసుకునే నిర్ణయం, ఓడినవాళ్ళకు ఇచ్చే ఓదార్పు కాదు. ఒక్కటి తెలిసి ఉండాలి కాబట్టి రాస్తున్నా: రెండేండ్ల లోపు పాపను తీసుకోవాలంటే దంపతుల వయసు కలిపి 85 దాటకూడదు. ఇప్పుడు మీకు చాలా టైముంది.

స్కాన్ల రోజుల్లో హన్మకొండలో మా ఇంట్లోనే ఉండు. పొద్దున ఆరుకే రైలెక్కి ఉరకాల్సిన పని లేదు. ఫైలు, పాత రిపోర్టులు, ఆధార్ కార్డులు, పెళ్ళి సర్టిఫికెట్ ఒక సంచిలో పెట్టుకొని రా. మీ అత్తగారితో ఏదైనా మాట్లాడాలంటే ముందు రోజే చెప్పు, నేనే ఫోన్ చేస్తా.

మీ పెద్దమ్మ