చలువ కళ్లద్దాలు మడిచేవైతే ముందు కీళ్లు చూడండి

ప్రశ్న: పాండీ బజార్‌లో మడిస్తే అరచేతిలో పట్టే చలువ కళ్లద్దాలు చూశాను. మామూలు వాటికంటే ధర ఎక్కువ చెబుతున్నారు. ఎందుకు? కొనేముందు ఏం చూడాలి?
ఒక పాఠకురాలు, టి.నగర్, చెన్నై

జవాబు: ఆ తేడా అంతా కీళ్లదేనండి. మామూలు ఫ్రేముకు రెండే కీళ్లు. మడత ఫ్రేముకు ఐదు: చెవులకు తగిలించే కాడలు అద్దాల దగ్గర కలిసేచోట రెండు, కాడల మధ్యలో ఒక్కోటి, ముక్కు మీది బ్రిడ్జికి ఒకటి. ఐదింట్లో ఏది వదులైనా కళ్లజోడు ముఖం మీద సరిగ్గా కూర్చోదు.

ఈ తరహాకు పేరు తెచ్చింది ఇటలీ కంపెనీ పెర్సోల్ వారి 714. ట్యూరిన్ ట్రామ్ డ్రైవర్ల కోసం 1957లో చేసిన 649 మోడల్‌నే మడతపడేలా మార్చి దాన్ని తయారుచేశారు. 1968లో హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్వీన్ తెరమీద పెట్టుకున్నాక దాని మోజు బాగా పెరిగింది. తర్వాత రేబాన్ కంపెనీ కూడా తన వేఫేరర్, ఏవియేటర్ మోడళ్లలో మడత రకాలు తెచ్చింది. వీటి అందం ఎక్కడుందంటే, పెట్టుకున్నప్పుడు ముఖానికి నిండుగా ఉంటాయి, తీస్తే చొక్కా జేబులో ఇమిడిపోతాయి. మంచి పనితనం ఉన్న ఫ్రేములో బ్రిడ్జి కీలు కూడా నగలో కొక్కెంలా చూడముచ్చటగా ఉంటుంది.

షాపులోనే రెండు పరీక్షలు చేయండి. పూర్తిగా తెరిచి, ఒకవైపు అద్దం అంచు మాత్రమే పట్టుకుని ఫ్రేమును అటూఇటూ వంచండి. రెండో అద్దం తన బరువుకు తానే వాలిపోతే బ్రిడ్జి కీలు వదులన్నమాట. తర్వాత కాడలు తెరిచే ఉంచి గాజు కౌంటర్ మీద తలకిందులుగా పెట్టండి. అద్దాల పై అంచులు, కాడలు అన్నీ బల్లకు ఆనాలి. ఒక మూల లేచిందంటే ఆ ఫ్రేము వంకర.

అద్దం ఎంత నల్లగా ఉందన్నది రక్షణకు కొలత కాదు. ఎండలోని యూవీ (అతినీలలోహిత) కిరణాల నుంచి రక్షణ లేని నల్లద్దం మరీ ప్రమాదం. చీకటికి కంటిపాప పెద్దదై, ఆ కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపుతుందని చెప్పే యూవీ 400 గుర్తు రాసి ఉన్నా సరే, కళ్లజోళ్ల షాపులో యూవీ కొలిచే మీటరు ఉంటే పెట్టి చూపించమనండి. పోలరైజ్డ్ అన్నది వేరే సంగతి. అది తడి రోడ్డు, సముద్రపు నీటి మీది తళుకును తగ్గిస్తుంది, అంతే.

ప్రశ్న: రోజూ మెరీనాలో నడుస్తాను. నా మడత కళ్లద్దాల స్క్రూలు మాటిమాటికీ వదులవుతున్నాయి, కీలు దగ్గర పచ్చగా చిలుము పడుతోంది.
ఒక పాఠకుడు, ట్రిప్లికేన్

జవాబు: ఉప్పుగాలి, చెమట కలిసి చేసే పని అది. రాగి కలిసిన లోహమైతే పచ్చ చిలుము పడుతుంది. ఇంటికి రాగానే మంచినీళ్ల కింద కడిగి, కీళ్లలో తడి లేకుండా మెత్తటి గుడ్డతో ఒత్తండి. నెలకోసారి గుండుసూది కొనతో కుట్టుమిషన్ నూనె చుక్క కీలులో వేసి, మిగిలింది తుడిచేయండి. కొబ్బరినూనె వద్దు, జిగురై దుమ్మును పట్టేస్తుంది.

స్క్రూను కీలు కాస్త బిగువుగా కదిలేంత వరకే తిప్పండి. బలంగా బిగిస్తే మర అరిగిపోతుంది, మళ్లీ పట్టదు. వదులు కాకుండా నెయిల్ పాలిష్ పూసేవాళ్లుంటారు. అసిటేట్ అనే ఒక రకం ప్లాస్టిక్ ఫ్రేముకు అది తగిలితే మెరుగు పోయి మచ్చ పడుతుంది, కాబట్టి పూయకండి.

మడిచే వరస కూడా చూసుకోండి. చాలా మోడళ్లకు ముందు కాడల మధ్య కీళ్లు, తర్వాత కాడలు లోపలికి, చివర బ్రిడ్జి. తెరిచేటప్పుడు ముందు బ్రిడ్జి. రెండు చేతులతో రెండు అద్దాల అంచులూ పట్టుకుని తెరవాలి. ఒంటి చేత్తో విదిలిస్తే ఆ ఊపంతా ఒక్క బ్రిడ్జి స్క్రూ మీదే పడుతుంది. కారు డాష్‌బోర్డు మీద ఎండలో వదలకండి, అసిటేట్ మెత్తబడి వంగుతుంది.

ప్రశ్న: వీటిలో పవర్ అద్దాలు వేయించుకోవచ్చా?
ఒక పాఠకురాలు, వేళచ్చేరి

జవాబు: తక్కువ పవర్ అయితే వేయించుకోవచ్చు. మైనస్ పవర్ పెరిగేకొద్దీ అద్దం అంచు మందమవుతుంది, రెండు పొరలుగా మడిచిన కాడ దానికి రాసుకుని గీతలు పడతాయి, ఫ్రేమూ పూర్తిగా మూసుకోదు. దూరం, దగ్గర రెండూ ఒకే అద్దంలో చూపించే ప్రోగ్రెసివ్ అద్దాలు మాత్రం వద్దు. బ్రిడ్జి కీలు కొంచెం సడలినా చూపు ఆనాల్సిన చోటు తప్పుతుంది. పైగా కాడ మధ్యలో కీలు ఉంటుంది కాబట్టి చెవి దగ్గర వంచి సరిచేయడానికి షాపువాళ్లకు పెద్దగా చోటుండదు. పొడవు సరిపోయిందో లేదో కొనేటప్పుడే పెట్టుకుని చూడండి.

ప్రశ్న: హెల్మెట్ లోపల పెట్టుకోవచ్చా?
ఒక పాఠకుడు, పెరంబూరు

జవాబు: వద్దండి. కాడ మధ్య కీలు సరిగ్గా హెల్మెట్ దిండు ఒత్తేచోటే వస్తుంది. కాసేపటికే కణత నొప్పి పుడుతుంది, హెల్మెట్ తీసినప్పుడల్లా ఆ కీలు మెలిపడుతుంది. బండి మీద సన్నటి తిన్నని కాడలున్న మామూలు ఫ్రేమే వాడండి.